ఎక్కడ చస్తున్నావో సరిగ్గా చెప్పత్తా

మా మేనకోడలికి 13 ఏళ్ళు. హనుమకొండలో ఉంటుంది. నేను మండపేటలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ రాస్తాను. మా ఇంట్లో అందరూ పడుకున్నాక, దాని హోంవర్క్ అయ్యాక, రాత్రి తొమ్మిదిన్నరకి ఇద్దరం వీడియో కాల్ పెట్టుకుంటాం. నేను ల్యాప్‌టాప్‌లో ఆడుతుంటాను, ఎక్కువసేపు చస్తుంటాను, అది చూస్తూ ఉంటుంది. వదిన మొదట్లో తొంగి చూసి, “మీ అత్తాకోడళ్ళకి చావు తప్ప వేరే మాటే లేదా?” అని విసుక్కునేది. ఇప్పుడు అలవాటైపోయింది.

ఆట పేరు సెలెస్ట్. 2018లో వచ్చింది. సెలెస్ట్ అనే కొండని మాడెలిన్ అనే అమ్మాయి ఎక్కాలి, అంతే కథ. చేతిలో ఉన్న పనులు మూడే: దూకడం, గోడ పట్టుకోవడం, డ్యాష్. డ్యాష్ అంటే గాల్లో ఉండగా ఎనిమిది దిక్కుల్లో ఏదో ఒక దిక్కుకి ఒక్కసారి దూసుకుపోవడం. కాలు నేలకి తగిలితే డ్యాష్ మళ్ళీ వస్తుంది. గాల్లో వేలాడే పచ్చరాయిని తాకినా వస్తుంది. డ్యాష్ ఉన్నప్పుడు మాడెలిన్ జుట్టు ఎర్రగా ఉంటుంది, వాడేస్తే నీలంగా మారుతుంది. ఈ జుట్టు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆటంతా చిన్న చిన్న గదులు. ముల్లు గుచ్చుకుంటే అదే గది మొదట్లో వెంటనే లేస్తారు.

నేను గొప్పగా ఆడే మనిషిని కాను. నా సేవ్ ఫైల్లో చావుల లెక్క 6,812. ఆ లెక్కతోనే ఏడు చాప్టర్లూ దాటి కొండ మీద జెండా చూశాను. నా అంతట నేనైతే నాలుగో చాప్టర్లోనే మూటగట్టి అటక మీద పెట్టేసేదాన్ని. దాటించింది మనుషులు. ఆ సాయం ఎలా అడగాలో, ఎలా చెయ్యాలో నాకు తెలిసింది రాస్తున్నాను. సెలెస్ట్ కాకపోయినా, దూకుతూ చస్తూ ముందుకెళ్ళే ఏ ఆటకైనా చాలావరకు సరిపోతుంది.

అమలాపురం రోజులు

నిజానికి ఈ పద్ధతి మాకు కొత్తేం కాదు. వేసవి సెలవులకి అమలాపురంలో అమ్మమ్మగారింట్లో ఏడుగురు పిల్లలం, టీవీకి తగిలించే వీడియో గేమ్ ఒకటి, పసుపు రంగు క్యాసెట్ ఒకటి. అందులో సూపర్ మారియో. ఇద్దరు ఆడేలా పెడితే ఒకడు చచ్చాకే రెండోవాడికి చాన్స్ వస్తుంది. మిగతా ఐదుగురం వెనక కూర్చుని చూసేవాళ్ళం. చూసేవాళ్ళకే ఎక్కువ తెలిసేది. 4-4లోనూ 7-4లోనూ, అంటే నాలుగో, ఏడో వరల్డ్‌ల ఆఖరి లెవెళ్ళలో, కోట లోపల దారులుంటాయి, తప్పు దారి పట్టామా, నడిచిన చోటే మళ్ళీ మళ్ళీ వస్తుంది. మా పెద్దమ్మ కొడుకు లెక్కల నోటుబుక్కు వెనక అట్ట మీద ఆ దారులు గీసి పెట్టాడు. వాడు దూకడంలో నాకంటే అన్యాయం. కానీ వాడి అట్ట లేకుండా ఎవరూ దాటలేదు.

ఇంకో ముక్క కూడా చెప్పాలి, ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ ఆటలో ప్రాణాలన్నీ అయిపోయాక, టైటిల్ దగ్గర ‘ఏ’ బటన్ నొక్కిపట్టి ‘స్టార్ట్’ కొడితే, చచ్చిన వరల్డ్ మొదటి నుంచే ఆట మొదలవుతుంది. మాకు తెలియదు. మూడు వేసవులు ప్రతిసారీ 1-1 నుంచి ఆడాం. పక్క వీధిలో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. మేం అడగలేదు.

ఎవర్ని తోడు పెట్టుకోవాలి

మీకంటే ఒక చాప్టర్ ముందున్నవాళ్ళని. పది చాప్టర్లు ముందున్నవాళ్ళని కాదు. ఆట మొత్తం పిండి పిప్పి చేసినవాళ్ళకి మొదటి చాప్టర్లో ఏది కష్టమో గుర్తుండదు. “అక్కడ ఏముంది, దూకెయ్యడమే” అంటారు. ఇంకా నిన్ననే ఆ గది దాటినవాళ్ళకైతే వేలి నొప్పి కూడా గుర్తుంటుంది.

నాకు తోడు ముగ్గురే. మేనకోడలు నాకంటే ముందుంటుంది, దాని కన్ను డేగ కన్ను. మా అన్నయ్య, అంటే దాని నాన్న, ఆట ఆడడు గానీ పక్కన కూర్చుని “మళ్ళీ అదే తప్పు” అంటాడు. అదీ ఒక సాయమే, నమ్మండి. మూడో మనిషి మా మిల్లులో లారీల లోడింగ్ రాసే కుర్రాడు. వాడు ఫోన్లో జామెట్రీ డ్యాష్ అనే ఆట ఆడతాడు. భోజనాల వేళ నా క్లిప్పులు చూసి పెడతాడు. సెలెస్ట్ వాడు ముట్టుకోనే లేదు, అయినా వాడు పట్టిన తప్పులు చాలా ఉన్నాయి. ఆడేవాళ్ళే సాయం చెయ్యాలని లేదు. ఓపికున్న ఒక జత కళ్ళు చాలు.

అడిగే పద్ధతి

అసలు పని ఇక్కడుంది. మొదట్లో నేను మేనకోడలికి ఇలా మెసేజ్ పెట్టేదాన్ని: “నాలుగో చాప్టర్ రావట్లేదే, ఏం చెయ్యాలి?” దానికి అది ఏం చెప్పగలదు? ఒకరోజు విసుగొచ్చి, “ఎక్కడ చస్తున్నావో సరిగ్గా చెప్పత్తా” అంది. అప్పటి నుంచి మా ఇద్దరికీ ఒక రివాజు ఏర్పడింది. మెసేజ్‌లో నాలుగు సంగతులుండాలి: ఏ గది, నేను ఏం చేద్దామనుకున్నాను, ఏ చోట చచ్చాను, ఎన్నిసార్లు. ఉదాహరణకి: “గాలి ఎదురుకొట్టే చోట గులాబీ మబ్బు గది. మబ్బు మీద నుంచి దూకి పచ్చరాయి అందుకుని, మళ్ళీ డ్యాష్ కొట్టి గోడ పట్టుకుందామని. గోడకి బెత్తెడు ఇవతల ముళ్ళలో పడుతున్నా. 40 సార్లు.”

గదులకి పేర్లు పెట్టుకోవాలి, అది ముఖ్యం. జామెట్రీ డ్యాష్‌లో ఆ ఇబ్బంది లేదు, ఎంత శాతం దగ్గర చచ్చామో ఆటే చూపిస్తుంది. మా మిల్లు కుర్రాడు, “63 శాతం దగ్గర పోయానండి” అంటే వాడి స్నేహితులకి ఠక్కున తెలిసిపోతుంది. సెలెస్ట్ గదుల మీద నంబర్లుండవు. అందుకని మేమే పెట్టుకున్నాం. మూడో చాప్టర్లో పాత హోటల్, అందులో తువ్వాళ్ళు, పుస్తకాలు, పెట్టెలు గుట్టలుగా పడి ఉంటాయి. అక్కడ మాకు చాకిరేవు, లైబ్రరీ, గోడౌన్. ఎర్రబుడగలుండే గుడిలో ఒక గదికి అన్నయ్య ‘పెళ్ళివారి విడిది’ అని పేరు పెట్టాడు, ఎందుకో వాడికే తెలియాలి, అదే ఖాయమైపోయింది.

మాటలతో చెప్పలేనిది వీడియో చెబుతుంది. విండోస్ కంప్యూటర్లో విండోస్ మీట, ఆల్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. స్టీమ్ అనే గేముల యాప్‌లో కొని ఆడేవాళ్ళకి 2024 నుంచి రికార్డింగ్ అందులోనే ఉంది. ఏదీ కుదరకపోతే ఫోన్‌ని డబ్బా మీద నిలబెట్టి స్క్రీన్ తియ్యండి, సరిపోతుంది. పదిహేను సెకన్లు చాలు. అయితే ఒకే చావు పంపకండి, వరసగా మూడు పంపండి. ఒక చావు పొరపాటు కావచ్చు. మూడూ ఒకే చోట జరిగితే అది అలవాటు.

వీలైతే ఒకసారి మీ చేతుల వీడియో కూడా తియ్యండి. నాకు డ్యాష్ అడ్డంగా కొట్టాల్సిన చోట వంకరగా పైకి పోయేది. నా సెకండ్ హ్యాండ్ కంట్రోలర్‌దే తప్పని రెండు వారాలు తిట్టుకున్నాను. చేతుల వీడియో చూసి మా కుర్రాడు, “మేడమ్, మీ బొటనవేలు స్టిక్ మీద పైకి జారుతోందండి. ఆ ప్లస్ గుర్తు బటన్లు వాడండి” అన్నాడు. డీ-ప్యాడ్‌కి మారాను. మొదటి రెండు రోజులు వేలు బొబ్బెక్కింది. ఆ తర్వాత డ్యాష్ గీత గీసినట్టు వెళ్ళింది.

చచ్చే చోటు ఒకటి, తప్పు చేసే చోటు ఒకటి

గులాబీ మబ్బు గది సంగతి పూర్తిగా చెప్తాను, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా ఆ గదిలోనే ఉంది.

గులాబీ మబ్బుని ఒక్కసారే తొక్కగలం, తర్వాత మాయమైపోతుంది. దాని మీద పడితే మబ్బు కిందికి కుంగి, మళ్ళీ పైకి లేస్తుంది. దాని మీద నుంచి దూకి, పచ్చరాయి వైపు డ్యాష్ కొట్టి, రాయి ఇచ్చిన కొత్త డ్యాష్‌తో గోడ చేరాలి. నేను గోడకి బెత్తెడు ఇవతల చచ్చేదాన్ని. కాబట్టి రెండో డ్యాష్ ఆలస్యంగా కొడుతున్నానని తేల్చుకుని, దాన్నే తొందరగా, ఇంకా తొందరగా కొడుతూ పోయాను. 140 దాటింది.

మేనకోడలు క్లిప్ చూసి ఒకే మాట అంది: “నీ జుట్టు చూడత్తా.”

చూశాను. గోడ దగ్గర చచ్చేటప్పుడు జుట్టు నీలం. అంటే నా దగ్గర రెండో డ్యాష్ లేనే లేదు. లేని డ్యాష్ కోసం బటన్ నొక్కుతున్నాను. ఎందుకు లేదు? పచ్చరాయి తగల్లేదు, దాని కిందుగా వెళ్ళిపోతున్నాను. ఎందుకు కిందుగా? మబ్బు ఇంకా కుంగుతుండగానే దూకేస్తున్నాను. పైకి లేచేదాకా ఆగి దూకితే అదే మనల్ని ఎత్తుగా విసురుతుంది. తప్పు మబ్బు దగ్గర, చావు గోడ దగ్గర. మూడోసారికి దాటేశాను. అరిచిన అరుపుకి మావారు లేచొచ్చారు.

లెక్కలు రాసేవాళ్ళకి ఇది కొత్త కాదు. మార్చిలో ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే మార్చి ఓచర్లు తిరగేస్తే దొరకదు, తప్పు నవంబరులో ఎక్కడో పడుంటుంది. తేడా ఆకారం బట్టి కూడా చెప్పొచ్చు. తేడా 9తో నిశ్శేషంగా పోతోందంటే ఎక్కడో రెండంకెలు తారుమారు రాశామేమో అని ముందు చూస్తాం. చావులకీ అలాంటి ఆకారాలున్నాయి. అంచుకి కాస్త ఇవతల పడుతుంటే, దూకే బటన్ నుంచి వేలు ముందే తీసేస్తున్నారు. ఈ ఆటలో బటన్ ఎంతసేపు నొక్కితే అంత ఎత్తు. పైకప్పు ముళ్ళకి తగులుతుంటే దానికి ఎదురు, ఎక్కువసేపు నొక్కుతున్నారు. గోడ మీద నుంచి జారిపోతుంటే ఒంట్లో ఓపిక అయిపోయింది, అప్పుడు మాడెలిన్ ఎర్రగా మెరుస్తుంది. గోడ పట్టుకుని ఎక్కితే ఓపిక ఖర్చవుతుంది, పట్టు వదిలి గోడని తన్ని ఎదురువైపుకి దూకితే ఖర్చు కాదు. ఇక ఒక్కోసారి ఒక్కో చోట చస్తుంటే వేళ్ళ తప్పు కాదు, అసలు ఏ దారిన వెళ్ళాలో ఇంకా మీరు తేల్చుకోలేదు. ఆగి, చూపుడు వేలితో స్క్రీన్ మీద దారి గీసి చూడండి. మా పెద్దమ్మ కొడుకు అట్ట లాగా.

ఆట మనకి చేసే మొహమాటాలు

ఇవి మేనకోడలు ఎక్కడో చదివి చెప్పింది, తర్వాత నేనూ పరీక్షించి చూశాను. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్ళాక కూడా సెకనులో పదో వంతుసేపు దూకడానికి ఆట ఒప్పుకుంటుంది. గోడకి రెండు పిక్సెళ్ళ దూరంలో ఉన్నా గోడని తన్నినట్టే లెక్క. డ్యాష్‌లో వెళ్తూ మూల తలకి తగిలితే, కాస్త పక్కకి జరిపి పోనిస్తుంది. ముళ్ళు కూడా ఒక పక్క నుంచే గుచ్చుకుంటాయి. ముల్లు మొన ఎటు చూస్తుందో అటే మనమూ వెళ్తుంటే ఏమీ కాదు.

ఇవి తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. నేను ప్రతి అంచుకీ రెండడుగుల ముందే దూకేసేదాన్ని, భయంతో. మా కుర్రాడు, “మీరు నేల ఉండగానే దూకేస్తున్నారండి, చివరిదాకా వెళ్ళండి, ఏం కాదు” అని ఎన్నిసార్లు చెప్పాడో. ఆ పదో వంతు సంగతి తెలిశాకే నా కాలు చివరిదాకా వెళ్ళింది.

కాల్‌లో “ఇప్పుడు!” అనకండి

మేం చేసిన పెద్ద పొరపాటు ఇది. మేనకోడలు హనుమకొండలో చూస్తూ “ఇప్పుడు దూకు!” అనేది. నేను దూకేదాన్ని, చచ్చేదాన్ని. ఇద్దరం ఒకరినొకరు తప్పుపట్టుకున్నాం. తర్వాత తెలిసొచ్చింది: నా స్క్రీన్ దాని దగ్గరికి చేరేసరికి కొంత ఆలస్యం, దాని గొంతు నా దగ్గరికి వచ్చేసరికి ఇంకొంత. దాని “ఇప్పుడు” నాకు ఎప్పుడూ ‘ఇందాక’ అయ్యేది.

కాబట్టి కాల్‌లో సమయం చెప్పకండి, గుర్తు చెప్పండి. “రెండో ముల్లు తల మీదికి రాగానే”, “మబ్బు పైకి లేవడం మొదలెట్టగానే”, “నీలం బ్లాక్ ఆగగానే”. అలా చెబితే నా కన్నే నాకు గడియారం.

ఇంకో ఉపాయం తాళం. మేనకోడలు కూచిపూడి నేర్చుకుంటుంది. ఒక గదిలో దూకు, డ్యాష్, పట్టు, మళ్ళీ దూకు వరసగా రావాలి, రెండోదానికీ మూడోదానికీ మధ్య కాస్త ఎడం. ఎన్నిసార్లు చెప్పినా నాకు ఎక్కలేదు. అది “త-క, ధి-మి” అని చేత్తో తాళం వేసి చూపించింది, ‘క’ తర్వాత ఒక చిన్న ఆపు. ఫోన్ పక్కన పెట్టి, కంట్రోలర్ లేకుండా, నోటితో పది సార్లు అనుకున్నాను. ఆ తర్వాత చేతికి దానంతటదే వచ్చింది. మీకు తాళాలు రాకపోతే పిల్లలు ఆడుకునే చప్పట్ల పాటైనా పనికొస్తుంది.

చూసేవాళ్ళ వంతు

ఒక్క నియమం: కంట్రోలర్ లాక్కోవద్దు. “ఇటియ్యి, నేను దాటించి ఇస్తా” అన్న సాయం సాయం కాదు. నా వేళ్ళు ఆ గది నేర్చుకోకుండా తర్వాతి గదికి వెళ్తే, అక్కడ అదే విద్య రెండింతలు కష్టంగా ఎదురవుతుంది. ఒకసారి సంక్రాంతికి వచ్చినప్పుడు మేనకోడలు నాకు తెలియకుండా రెండు గదులు దాటించి పెట్టింది, ప్రేమతోనే. మూడో గదిలో 200 చావులు చచ్చాను. చివరికి వెనక్కి వెళ్ళి ఆ రెండూ నేనే ఆడి వచ్చాను.

చెప్పే ముందు “చెప్పనా, వద్దా?” అని అడగండి. చెప్పమంటే మొదట ఎక్కడ చూడాలో చెప్పండి. “జుట్టు చూడు” అన్నది అలాంటి మాట. దానితో కాకపోతే దారి చెప్పండి. అదీ కాకపోతే అప్పుడు వేళ్ళ సంగతి. ఒక ప్రయత్నానికి ఒకటే మాట, అదీ చచ్చాక. దూకుతుండగా మాట్లాడితే నాకు కోపమొస్తుంది, ఎవరికైనా వస్తుంది. మా అన్నయ్యకి ఇది ఇంకా ఎక్కలేదు.

ఇంకోటి. ఇరవై నిమిషాలు ఒకే గదిలో ఉంటే ఆపించెయ్యండి. పొద్దున్నే లేచి పళ్ళు తోముకోకముందే ఆడి దాటిన గదులు నావి కనీసం డజనున్నాయి.

అసిస్ట్ మోడ్ గొడవ

మా ఇంట్లో దీని మీద పెద్ద తగాదా జరిగింది. సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ అని ఉంది. ఆట వేగం 50 శాతం దాకా తగ్గించుకోవచ్చు, ఓపిక తరగకుండా చేసుకోవచ్చు, గాల్లో డ్యాష్‌లు పెంచుకోవచ్చు, అసలు చావే లేకుండా కూడా చేసుకోవచ్చు. అన్నయ్య దృష్టిలో అది కాపీ కొట్టడం. నా దృష్టిలో, తయారుచేసినవాళ్ళే పెట్టిన తలుపుని వాడితే దొంగతనం ఎలా అవుతుంది? చేతి వేళ్ళు సరిగ్గా ఆడనివాళ్ళుంటారు, చూపు తక్కువవాళ్ళుంటారు. వాళ్ళకి కొండ చూసే హక్కు లేదా?

నేను దాన్ని వాడే తీరు ఇది: ఒక గది పదిహేను నిమిషాల్లో రాకపోతే వేగం 70కి దించి, దారి చేతికి వచ్చేదాకా ఆడతాను. తర్వాత 80, 90. ఆఖరున 100 మీద దాటుతాను. పాట నేర్చుకునేటప్పుడు విలంబంలో పాడి కాలం పెంచుకోవడం లాంటిదే. జామెట్రీ డ్యాష్‌లో ప్రాక్టీస్ మోడ్ కూడా ఆ పనికే, మధ్యలో చెక్‌పాయింట్లు పెట్టుకుంటూ నేర్చుకోవచ్చు. అయితే తోటివాళ్ళు అసిస్ట్ వాడుతుంటే, అడక్కుండా దాని గురించి మాట్లాడొద్దు. మేనకోడలు క్లాస్‌మేట్ ఒకమ్మాయి ‘కాపీ’ అన్న మాట విని ఆటే మానేసింది.

ఇక స్ట్రాబెర్రీలు. దారిలో కనిపిస్తాయి, తీసుకోవడం కష్టం, ఆట దాటడానికి వాటితో పనే లేదు. కొత్తవాళ్ళు మొదటిసారి వాటిని వదిలెయ్యండి. నేను వదల్లేకపోయాను. చావుల లెక్కలో రెండు వేలు వాటి ఖాతాలోవే.

ఒకే సోఫా మీద

పక్కపక్కన కూర్చుని ఆడేవి వేరు. కప్‌హెడ్‌లో ఇద్దరు ఆడొచ్చు, ఒకరు చస్తే ఆత్మ పైకి తేలిపోతుంటుంది, రెండోవాళ్ళు ఎగిరి సరిగ్గా దాన్ని తాకి బటన్ కొడితే బతుకుతారు. రేమ్యాన్ లెజెండ్స్‌లో చచ్చినవాళ్ళు బుడగలో తేలుతూ వస్తారు, మనం కొడితే బుడగ పగిలి బయటపడతారు. చిన్నపిల్లలతో మొదలెట్టాలంటే నా ఓటు రేమ్యాన్‌కే. కప్‌హెడ్ అందంగా ఉంటుంది, కానీ మొదటి రోజే ఏడిపిస్తుంది. స్టీమ్‌లో ‘రిమోట్ ప్లే టుగెదర్’ అని ఉంది. ఒకరి దగ్గర ఆట ఉంటే చాలు, వేరే ఊళ్ళో ఉన్న రెండోవాళ్ళు కొనక్కర్లేకుండా కలిసి ఆడొచ్చు. అయితే నెట్ బాగుండాలి. మా మండపేట నెట్‌తో కప్‌హెడ్ ఆడబోయి దణ్ణం పెట్టేశాం.

తెలియనివాళ్ళ సాయం

తెలిసినవాళ్ళెవరూ లేకపోతే ఏం చెయ్యాలి? ఏ గదికైనా ఎవరో ఒకరు యూట్యూబ్‌లో వీడియో పెట్టే ఉంటారు. వేగం తగ్గించి చూడండి. కంప్యూటర్లో అయితే వీడియో ఆపి, కీబోర్డ్ మీద చుక్క మీట నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకి, కామా నొక్కితే వెనక్కి జరుగుతుంది. జుట్టు ఏ ఫ్రేమ్‌లో రంగు మారిందో, అంచుకి ఎంత దూరంలో దూకారో ఇలాగే పట్టుకోవాలి.

సెలెస్ట్ ఆడేవాళ్ళు సొంతంగా కట్టిన గదులు కూడా చాలా ఉన్నాయి. 2023లో వందలమంది కలిసి ‘స్ట్రాబెర్రీ జామ్’ అని ఒక పెద్ద మోడ్ (అసలు ఆటకి ఆడేవాళ్ళే చేసి తగిలించే అదనపు ముక్క) తెచ్చారు, ఉచితం. బిగినర్ నుంచి గ్రాండ్‌మాస్టర్ దాకా ఐదు మెట్లు, ప్రతి మెట్టులో ఆ మెట్టుకి కావలసిన విద్యలు నేర్పే చోటు ఒకటి. అసలు ఆట దాటాక బిగినర్‌తో మొదలెట్టండి, పేరు చూసి మోసపోకండి, అదేమీ సులువు కాదు. ‘సెలెస్ట్‌నెట్’ అనే ఇంకో మోడ్ పెట్టుకుంటే, అదే గదిలో ఆడుతున్న వేరేవాళ్ళు నీడల్లా కనిపిస్తారు. నేను ఒక రాత్రి ఎవరో తెలియని నీడ వెనక నాలుగు గదులు నడిచాను. ఆ నీడ నేను చచ్చినప్పుడల్లా అంచు మీద ఆగింది. ఒక్క మాట మాట్లాడుకోలేదు. పిల్లలు ఇలాంటి చోట్లకి వెళ్తే పెద్దవాళ్ళు పక్కనుండాలి, ఫోన్ నంబరూ ఊరూ బడీ చెప్పొద్దని ముందే చెప్పాలి.

డబ్బు పెట్టే ముందు రుచి చూడాలంటే, ఇదే ఆటకి తొలి రూపం పికో-8 అనే ఉత్తుత్తి గేమ్ మెషీన్ (కంప్యూటర్లోనే నడిచే ప్రోగ్రాం) మీద ఉంది. సెలెస్ట్ తయారుచేసిన మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ ఇద్దరూ నాలుగు రోజుల్లో చేశారు. బ్రౌజర్లో ఊరికే ఆడొచ్చు. పెద్ద ఆటలో, మూడో చాప్టర్ హోటల్లో, ఒక మూల పాత మెషీన్‌లో కూడా అది దాక్కుని ఉంటుంది. ఎక్కడో చెప్పను.

నేనిప్పుడు బీ-సైడ్లు ఆడుతున్నాను. అవే చాప్టర్లు, ఇంకా కష్టంగా. మేనకోడలు ‘ఫేర్‌వెల్’ అనే చివరి చాప్టర్లో ఉంది. నిన్న రాత్రి పదకొండింటికి క్లిప్ పంపింది, మూడు చావులు వరసగా, చేతుల వీడియోతో సహా, నాలుగు సంగతులూ రాసి. “చెప్పత్తా” అని కింద. ఆ చాప్టర్ నేనింకా చూడలేదు, ముందే చూస్తే రుచి పోతుందని తెరవకుండా ఉంచాను. పొద్దున మిల్లుకెళ్ళి లారీ కుర్రాడికి పంపించాను. భోజనాలయ్యాక వాడు వచ్చి, “మేడమ్, ఆ పాప మూడోసారి దూకేముందు ఊపిరి బిగబడుతోందండి, భుజం లేస్తోంది చూడండి” అన్నాడు. అదే దానికి రాశాను.